ఏఐ జవాబుల్లో మన పేజీ ఎందుకు రాదు: ఒక మిర్చి సైటు సంగతి

ప్రశ్న ఏమిటో ముందు రెండు ముక్కల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి ఉపయోగపడుతుంది. అడిగిన ఆయనది మధిర వైపు మిర్చి వేసే కుటుంబం. ఆయన నాలుగేళ్లుగా తెలుగులో మిర్చి సాగు మీద సైటు నడుపుతున్నారు, 180 దాకా పేజీలున్నాయి. మొదట్లో గూగుల్ నుంచి జనం బాగానే వచ్చేవాళ్లు, ఏడాదిగా తగ్గిపోయారు. గూగుల్లో పైన వచ్చే ఏఐ జవాబులో గానీ, చాట్‌జీపీటీని అడిగినప్పుడు గానీ వీళ్ల పేజీ కనపడదు, పొలం మొహం చూడని పేజీలు కనపడతాయి. పేజీలో ఏముందో యంత్రానికి చెప్పే స్కీమా కోడు పెట్టారు, రాసినవాళ్ల పరిచయం ఉండే రచయిత డబ్బా పెట్టారు, ఎవరో చెప్తే సైట్లో ఏముందో ఏఐలకి చెప్పే ఎల్‌ఎల్‌ఎమ్స్ ఫైలు కూడా పెట్టారు. "అందరూ నమ్మకం పెంచుకోమంటున్నారు, ఆ నమ్మకం ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పట్లేదు" అని అడిగారు.

ఇక జవాబు ఆయనకే చెప్తున్నాను. నేను 2011 నుంచి ఈ పనిలోనే ఉన్నాను. ఆరోగ్యం, బ్యాంకింగ్, వ్యవసాయం సైట్లకి కంటెంట్ చూశాను. మీరిచ్చిన లింకుల్లో పన్నెండు పేజీలు నిన్న రాత్రి కూర్చుని పూర్తిగా చదివాను. సూటిగా చెప్తాను, బాధపడకండి. మీ సైట్లో మీరు లేరు. నల్ల తామర పురుగు పేజీ తీసుకోండి. మొదటి మూడు పేరాలు మిర్చి ముఖ్యమైన వాణిజ్య పంట అని, మన దేశంలో ఏయే రాష్ట్రాల్లో పండుతుంది అని. తర్వాత లక్షణాలు, నివారణ, మందుల పేర్లు. ఆ పేజీలో మీ సైటు పేరు తీసేసి ఇంకో సైటు పేరు పెడితే ఎవరూ తేడా పట్టలేరు. కానీ పేజీ కింద కామెంట్లలో ఎవరో రైతు అడిగితే మీరిచ్చిన జవాబు ఒకటుంది, అది చదివి నేను లేచి కూర్చున్నాను. "మా చేలో డిసెంబరులో ఆకు పచ్చగానే ఉంది, పూత మాత్రం రాలిపోతోంది, ఎందుకా అని పువ్వు కోసి అరచేతిలో దులిపి చూస్తే ఒక్క పువ్వులోంచి పది పన్నెండు నల్ల పురుగులు పడ్డాయి, ఆకు చూసి మందు కొడదామని ఆగితే మోసపోతాం, పువ్వు చూడాలి" అని రాశారు.

ఆ నాలుగు వాక్యాలే మీ సైటు మొత్తంలో విలువైన సరుకు, వాటిని కామెంట్లలో పారేసి పైన అందరూ రాసేదే రాశారు. 2021-22 సీజన్లో గుంటూరు నుంచి ఖమ్మం దాకా మిర్చి చేలు దెబ్బతిన్నది ఈ పురుగు వల్లే. అంతకుముందు నుంచి మన రైతులకి తెలిసిన తామర పురుగు ఎక్కువగా ఆకు మీద పడేది, ఈ కొత్తది పువ్వులో దూరుతుంది. ఈ తేడా శాస్త్రవేత్తలు కూడా చెప్పారు, కానీ అరచేతిలో దులిపి చూడమని మీరు చెప్పినట్టు చెప్పిన పేజీ తెలుగులో నాకు దొరకలేదు.

ఇప్పుడు జవాబులిచ్చే ఈ ఏఐ యంత్రం ఏం చేస్తుందో కొంచెం తెలుసుకుంటే మిగతాది మీకే అర్థమవుతుంది. పాత గూగుల్ పది లింకులు ఇచ్చి ఊరుకునేది, ఏది నమ్మాలో చదివేవాడే తేల్చుకునేవాడు. ఏఐ సెర్చ్ ఆ తేల్చే పని తనే నెత్తిన వేసుకుంది. ఎవరో "మిర్చిలో పూత రాలుతోంది ఏం చేయాలి" అని అడిగితే దాన్ని లోపల చిన్న చిన్న ప్రశ్నలుగా విడగొడుతుంది. పూత ఎందుకు రాలుతుంది, ఏ పురుగు, ఏ నెలలో, ఎలా గుర్తుపట్టాలి, ఏం కొట్టాలి అని. ఒక్కోదానికీ విడివిడిగా వెతికి, పేజీలు మొత్తంగా కాకుండా అందులోని ముక్కలు తీసుకుని, ఒకదానితో ఒకటి పోల్చుకుని జవాబు కట్టి, ఏ ముక్క ఎక్కడ తీసుకుందో పక్కన లింకు పెడుతుంది. పది పేజీలు చెప్పేదే పదకొండో పేజీ కూడా చెప్తే దానికి లింకు పెట్టాల్సిన అవసరం దానికేముంటుంది? అప్పటికే పేరున్న పెద్ద సైటుకి పెడుతుంది. మీ పేజీలో ఇంకెక్కడా లేని ముక్క ఉండాలి, ఆ ముక్క నిజమేనని అనుకోవడానికి ఆధారం పక్కనే ఉండాలి. ఈ రెండూ కలిసిన చోటే మీలాంటి చిన్న సైటుకి చోటు.

ఆధారం అన్న మాట ఎందుకంటున్నానంటే, ఈ కంపెనీలకి ఇప్పటికే చేతులు కాలాయి. 2024 మేలో అమెరికాలో గూగుల్ ఈ ఏఐ జవాబులు అందరికీ తెరిచిన కొద్ది రోజులకే, పిజ్జా మీద చీజ్ జారిపోకుండా సాస్‌లో జిగురు కలపమని చెప్పింది. వెతికితే అది జనం కబుర్లు రాసుకునే రెడిట్‌లో ఎవరో పదకొండేళ్ల కిందట సరదాకి రాసిన కామెంటు. ఆ నెలాఖరుకే గూగుల్ దిద్దుబాట్లు ప్రకటించింది, వెటకారం రాతల్ని, జనం ఇష్టమొచ్చినట్టు రాసే చోట్లని జవాబుల్లోకి లాగడం తగ్గించామని, ఆరోగ్యం లాంటి విషయాల్లో కట్టుదిట్టం చేశామని చెప్పింది. పురుగుమందు మోతాదు కూడా అలాంటి విషయమేనని నా అభిప్రాయం. తప్పయితే పంటా పోతుంది, కొట్టిన మనిషికీ ప్రమాదం. మీ పేజీలో మోతాదు రాసి అది ఎవరు చెప్పారో రాయకపోతే, నేనైనా దాన్ని ఎత్తి ఇంకొకరికి చెప్పను.

ముడత సంగతి చూడండి, దీని మీద నాకు చాలా పట్టింపు ఉంది. మిర్చిలో ముడత అని రైతు ఒకే మాట అంటాడు, కానీ అందులో మూడు వేరే వేరే జబ్బులున్నాయి. తామర పురుగు వస్తే ఆకు అంచులు పైకి లేచి పడవలా అవుతుంది, దాన్ని పై ముడత అంటాం. నల్లి వస్తే అంచులు కిందికి తిరిగి బోర్లించిన పడవలా ఉంటుంది, అది కింది ముడత. తెల్లదోమ తెచ్చే వైరస్ ముడత మూడోది, మొక్క గిడసబారిపోతుంది, వైరస్‌ని చంపే మందంటూ లేదు, దోమని ఆపుకోవాలి, సోకిన మొక్కని పీకేయాలి. మూడిటికీ చేయాల్సిన పని వేరు. నేను ఏఐని తెలుగులో "మిర్చి ముడతకి మందు" అని నాలుగు రకాలుగా అడిగి చూశాను. ఎక్కువసార్లు వైరస్ గురించి ఇంగ్లిష్‌లో ఉన్న సమాచారాన్ని తెలుగు చేసి ఇచ్చింది, పై ముడతా కింది ముడతా అని తిరిగి అడగలేదు. మన రైతుకి కావలసిన మొదటి ప్రశ్న అదే కదా, ఆకు పైకి తిరిగిందా కిందికి తిరిగిందా అని. మన వైపు పురుగుమందుల కొట్టులో కుర్రాడైనా ఆకు చేతిలోకి తీసుకోకుండా డబ్బా తీయడు. ఆ తేడా మూడు ఫోటోలతో, ఒక్కో ఫోటో కింద ఏ తేదీన ఏ ఊరి చేలో తీసిందో రాసి మీరు ఒక పేజీ పెడితే, తెలుగులో అలాంటిది చాలా అరుదు. గూగుల్ మన దేశంలో 2024 ఆగస్టులో ఈ ఏఐ జవాబులు ఇంగ్లిష్, హిందీల్లో మొదలుపెట్టింది, తెలుగు తర్వాత చేరింది. తెలుగులో అడిగేవాళ్లు పెరుగుతున్నారు, తెలుగులో చూసి రాసినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మీకున్న అవకాశం అక్కడుంది.

రాసే తీరులో ఒక్క మార్పు చెప్తాను, దీనికి పైసా ఖర్చు లేదు. మన తెలుగులో కర్త వదిలేసి మాట్లాడటం అలవాటు. "దీనికి పది రోజుల తేడాతో రెండుసార్లు కొట్టాలి, అప్పుడే తగ్గుతుంది" అని రాస్తాం. పేజీ పై నుంచి చదువుకుంటూ వచ్చినవాడికి దేనికో తెలుస్తుంది. కానీ యంత్రం ఆ పేరాని కోసి పక్కన పెట్టుకుంటే దీనికి అంటే దేనికి, ఏ పంటకి, ఏది కొట్టాలి? ఏమీ తెలియని ముక్కని అది వాడదు, వాడితే ఇంకా ప్రమాదం, వేరే పురుగుకి అంటగట్టేస్తుంది. అదే వాక్యాన్ని "మిర్చి పూతలో నల్ల తామర పురుగు కనపడితే ఎకరానికి ఇన్ని నీలం జిగురు అట్టలు పెట్టి, వారం తర్వాత మళ్లీ పది మొక్కల పూలు దులిపి లెక్క చూడాలి" అని రాస్తే ఎక్కడ కోసినా అర్థం నిలుస్తుంది. అలాగని ప్రతి వాక్యంలో మిర్చి మిర్చి అని కుక్కమని కాదు. ఒక్కో పేరాని విడిగా చింపి మీ బావమరిదికి ఫోన్లో పంపితే అతనికి అర్థం కావాలి, అంతే లెక్క. పేరా మొదట్లోనే విషయం చెప్పేయండి, చివరిదాకా ఊరించకండి. ఇంకోటి, నీలం అట్టలు తామర పురుగుకి, పసుపు అట్టలు తెల్లదోమకి అని మీ పేజీలో ఒకచోట సరిగ్గా ఉంది, ఇంకో పేజీలో రెండూ కలిపేసి ఉంది. మీ సైటే రెండు మాటలు చెప్తుంటే ఎవరు నమ్ముతారు? పాత పేజీలు అన్నీ ఒకసారి పక్కపక్కన పెట్టి చదవండి, ఇలాంటివి ఇంకో ఐదారు దొరుకుతాయి.

ఇక మీరు అడిగిన రచయిత డబ్బా. గూగుల్ తన ఫలితాల నాణ్యత చూడ్డానికి కొంతమంది మనుషుల్ని పెట్టుకుంటుంది, వాళ్లకిచ్చే మార్గదర్శకాలు బయటే ఉంటాయి, ఎవరైనా చదవచ్చు. అందులో మొదట నైపుణ్యం, పేరు ప్రతిష్ఠ, నమ్మకం అని మూడుండేవి, 2022 డిసెంబరులో అనుభవం అనే నాలుగోది కలిపారు, నాలుగింట్లో నమ్మకమే ముఖ్యమని స్పష్టంగా రాశారు. ఇది చదివి మన పరిశ్రమలో అందరూ చేసిందేమిటంటే పేజీ కింద ఒక ఫోటో, ఒక పేరు, "పదేళ్ల అనుభవం గల నిపుణులు" అని ఒక లైను. ఆ లైను ఎవరైనా రాసుకోవచ్చు కాబట్టి దానికి విలువ లేదు. మనుషులిచ్చే ఆ మార్కులు నేరుగా మీ ర్యాంకు మార్చవు కూడా. మీ డబ్బాలో "వ్యవసాయ నిపుణులు" అని ఉంది, అది తీసేయండి. "నాన్నా నేనూ కలిసి నాలుగెకరాల్లో తేజ రకం వేస్తాం, ఫలానా మండలం, నేను వ్యవసాయ డిగ్రీ చదవలేదు, మందుల విషయంలో గుంటూరు దగ్గర లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం చెప్పింది చూసి రాస్తాను" అని ఉన్నదున్నట్టు రాయండి. తెలియనిది తెలియదని ఒప్పుకున్న మనిషి తెలిసిందని చెప్పినప్పుడు నమ్మబుద్ధేస్తుంది.

దొంగ పేర్ల జోలికి మాత్రం వెళ్లకండి. నేను ఒకప్పుడు పనిచేసిన ఒక ఆరోగ్య సైట్లో లేని డాక్టర్ల పేర్లతో ఫోటోలు కొని పెట్టేవాళ్లు. అప్పుడు నాకు వయసు తక్కువ, నోరు మెదపలేదు, ఇప్పటికీ ఆ విషయం నన్ను పీకుతూనే ఉంటుంది, ఎందుకంటే షుగరు మందు మానేయచ్చా అని అడిగినవాళ్లకి ఆ పేర్లతోనే జవాబులు వెళ్లాయి. అమెరికాలో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ లాంటి పాత పత్రిక సైట్లోనే 2023 నవంబరులో ఏఐతో తయారుచేసిన మొహాలు, లేని రచయితల పేర్లు బయటపడ్డాయి, దశాబ్దాల పేరు ఒక్క వారంలో దెబ్బతింది. అదే ఏడాది జనవరిలో సీనెట్ అనే సైటు ఏఐతో రాయించిన ఆర్థిక వ్యాసాల్లో తప్పులు దొరికాయి. పదివేల డాలర్లు 3 శాతం వడ్డీకి వేస్తే ఏడాదికి పదివేల మూడువందల డాలర్లు సంపాదిస్తారని ఒకదాంట్లో ఉంది, నిజానికి వచ్చే వడ్డీ మూడువందలే. 77 వ్యాసాల్లో 41కి దిద్దుబాట్లు వేయాల్సొచ్చింది. ఆ తర్వాత వికీపీడియా సంపాదకులు ఆ సైటుని నమ్మదగిన ఆధారాల వరస నుంచి కిందికి దించారు. మీరు ఏఐతో రాయించిన పేజీలు కూడా కొన్ని చూశాను, భాష చూస్తేనే తెలిసిపోతుంది. అక్షరదోషాలు చూడ్డానికో, మీరు చెప్పింది వరసలో పెట్టడానికో ఏఐని వాడుకోండి, తప్పులేదు. విషయం మాత్రం చేలోంచి రావాలి. ఏఐతో రాయించిన ఆ పేజీలు తీసేస్తే మీ సైటు బలపడుతుంది, తగ్గదు. గూగుల్ 2024 మార్చిలోనే గంపగుత్తగా పేజీలు పుట్టించడాన్ని స్పామ్ కింద రాసుకుంది.

పేరు గురించి చిన్న విషయం, కానీ తెలుగువాళ్లందరికీ ఉన్న ఇబ్బంది. మీ పేరు సైట్లో ఇంటిపేరు ముందు పెట్టి ఉంది, యూట్యూబ్‌లో వెనక ఉంది, ఫేస్‌బుక్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో ఇంకో స్పెల్లింగు. మనకి ముగ్గురూ ఒకరే, యంత్రానికి ముగ్గురు వేరే మనుషులు. ఒకటే రూపం ఎంచుకుని అన్నిచోట్లా అదే పెట్టండి, ఒకదాన్నించి ఇంకోదానికి లింకులు ఇవ్వండి. సైటు గురించిన పేజీలో ఊరు, మండలం, ఎప్పుడు మొదలుపెట్టారు, డబ్బులు ఎలా వస్తాయి, మందుల కంపెనీ ఎవరైనా ప్రకటన ఇస్తున్నారా అన్నీ రాయండి. ఒక మందు గురించి బాగా రాసి కింద దాని ప్రకటనే ఉంటే రైతుకి అనుమానం వస్తుంది, రావాలి కూడా.

తేదీల దగ్గర చాలామంది మోసం చేస్తారు, లోపల అక్షరం మార్చకుండా పైన "నిన్న అప్‌డేట్ చేశాం" అని. మీరు అలా చేయలేదు, సంతోషం. కానీ అసలు తేదీలే లేవు. వ్యవసాయంలో తేదీ లేని సలహా ప్రమాదం. ఎండోసల్ఫాన్ అనే పురుగుమందుని సుప్రీంకోర్టు 2011 మేలో ఆపేసింది, అయినా దాన్ని కొట్టమనే పాత పేజీలు, పీడీఎఫ్‌లు నేను ఈమధ్య కూడా చూశాను. ప్రతి పేజీ మీద రాసిన తేదీ, చివరిసారి మార్చిన తేదీ, ఏం మార్చారో ఒక్క లైను పెట్టండి. "గత సీజన్లో ఈ మందు పనిచేసిందని రాశాం, ఈసారి మా చేలో పనిచేయలేదు, అందుకే ఈ భాగం మార్చాం" అని రాయగలిగితే అది బంగారం. తప్పు ఒప్పుకుంటే పరువు పోతుందని భయపడతారు జనం. నా అనుభవంలో దిద్దుబాటు కనపడే పేజీకే రైతులు ఫోన్ చేసి మాట్లాడారు.

మీ సైటు గురించి మీరు చెప్పుకునేదానికంటే బయటివాళ్లు చెప్పేది ఎక్కువ లెక్కలోకి వస్తుంది. దీనికి అడ్డదారి లేదు. దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లి మీ ముడత పేజీ ప్రింటు తీసి శాస్త్రవేత్త చేతిలో పెట్టండి, తప్పులుంటే గుర్తు పెట్టమనండి, ఆయన ఒప్పుకుంటే "ఫలానా తేదీన ఫలానా వారు చూసి సరిచేశారు" అని పేరుతో రాయండి, ఒప్పుకోకపోతే పేరు వాడకండి. మోతాదులన్నీ లాం వాళ్ల సిఫారసుకి లింకు ఇచ్చి రాయండి, పేజీలోంచి బయటికి లింకు ఇస్తే జనం వెళ్లిపోతారన్న భయం వదిలేయండి. గుంటూరు యార్డు ధరలు రాస్తున్నారు కదా, ఏ రోజు ధర, ఏ రకం, యార్డు వాళ్లు ప్రకటించిందా, మీరు కమీషన్ కొట్టులో అడిగిందా అన్నది విడిగా చెప్పండి. రెండూ నిజమే కావచ్చు, కానీ రెండూ ఒకటి కాదు. తెలుగు వికీపీడియాలో మీ సైటు మీద మీరే వ్యాసం రాసుకోకండి, తీసేస్తారు, మచ్చ మిగులుతుంది. మిర్చి తెగుళ్ల వ్యాసాల్లో తప్పులు సరిచేయండి, పై ముడత ఫోటోలు వికీపీడియా వాడుకునే ఫోటోల భాండాగారం కామన్స్‌లో పెట్టండి, అది తెలుగుకి చేసే సాయం, మీ పేరు దానంతటదే అక్కడ ఉంటుంది.

ఈ సందర్భంలో ఒక పరిశోధన గురించి మీకు ఎవరైనా చెప్పే ఉంటారు. 2023 నవంబరులో ఐఐటీ ఢిల్లీ, ప్రిన్స్‌టన్ వాళ్లు కలిసి రాసిన పత్రం, పదివేల ప్రశ్నలతో పరీక్ష చేసి, పేజీలో ఆధారాలు చూపడం, సంబంధిత మనుషుల మాటలు యథాతథంగా ఇవ్వడం, అంకెలు చేర్చడం వల్ల ఏఐ జవాబుల్లో కనపడటం 40 శాతం దాకా పెరగచ్చని చెప్పారు. కీవర్డులు, అంటే జనం వెతికే మాటలు, కుక్కితే లాభం లేదని కూడా తేలింది. ఇది చదివి కొంతమంది ఏజెన్సీల వాళ్లు పేజీకి ఐదు అంకెలు అని లెక్కపెట్టి, ఎక్కడా లేని శాతాలు పుట్టించి రాసేస్తున్నారు. నాకు ఒళ్లు మండుతుంది. మీకు పుట్టించాల్సిన అవసరం ఏముంది చెప్పండి? ఎకరానికి విత్తనం ఎంత, నారు ఎప్పుడు పోశారు, ఎన్నిసార్లు మందు కొట్టారు, కోత కూలి ఎంత ఇచ్చారు, కల్లంలో ఎన్ని రోజులు ఆరబెట్టారు, క్వింటాలు ఎంతకి పోయింది, చివరికి మిగిలిందా అప్పయిందా, ఇవన్నీ మీ నాన్నగారి నోటు పుస్తకంలో ఉంటాయి. నష్టం వచ్చిన ఏడాది లెక్క కూడా పెట్టండి. లాభాల కథలే ఉన్న సైటుని ఏ రైతూ పూర్తిగా నమ్మడు.

సాంకేతికం సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది ఒక పూట పని. మీ సైట్లో పాత కరపత్రాల పీడీఎఫ్‌లు ఇరవై ఉన్నాయి, అవన్నీ డీటీపీ చేయించినవి, అను ఫాంట్లలో ఉన్నాయి. కంటికి తెలుగే, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేసి చూడండి, పిచ్చి గుర్తులు వస్తాయి. యంత్రానికి కనపడేది ఆ గుర్తులే. యూనికోడ్‌లోకి మార్చి మామూలు పేజీలుగా పెట్టండి, మార్చే సాధనాలు ఆన్‌లైన్లో ఉన్నాయి, కానీ మార్చాక వత్తులు, అంకెలు మనిషి చదివి సరిచూడాలి, మందు మోతాదులో చుక్క పోతే పదిరెట్లు అవుతుంది. మోతాదుల పట్టిక బొమ్మగా పెట్టారు, దాన్ని అక్షరాల్లో పెట్టండి. వీడియోల కింద మాటలు రాతలో ఇవ్వండి. మీ పేజీల్లో అసలు సరుకు జావాస్క్రిప్ట్ అనే కోడు నడిచాకే వస్తోంది, గూగుల్ దాన్ని నడిపి చూస్తుంది గానీ చాలా ఏఐ క్రాలర్లు, అంటే పేజీలు ఏరుకుంటూ తిరిగే ప్రోగ్రాములు, నడపవు, వాటికి మీ పేజీ ఖాళీ. సర్వర్ నుంచే అక్షరాలు వచ్చేలా మీ డెవలపర్‌కి చెప్పండి.

ఏ క్రాలరు రావచ్చో ఏది రాకూడదో చెప్పే రోబోట్స్ ఫైలు నేను చూశాను, అందులో ఓపెన్‌ఏఐ వాళ్ల క్రాలర్లు రెండిటికీ అడ్డు పెట్టి ఉంది, ఎవరో రెడీమేడ్‌గా అతికించినట్టున్నారు. జీపీటీబాట్ శిక్షణ కోసం తిరిగేది, ఓఏఐ సెర్చ్‌బాట్ సెర్చ్‌లో చూపించడానికి తిరిగేది. మొదటిది ఆపుకోవడం మీ ఇష్టం, రెండోది ఆపితే చాట్‌జీపీటీ సెర్చ్‌లో వచ్చే జవాబుల్లో మీ పేజీ రాదు. చాట్‌జీపీటీలో కనపడకపోవడానికి పెద్ద కారణం ఇదే అయ్యుండాలి. సైటు ముందు కాపలా ఉండే క్లౌడ్‌ఫ్లేర్ అనే సేవ వెనక మీ సైటు ఉంటే అక్కడ కూడా చూసుకోండి, 2025 జులై నుంచి కొత్తగా చేరే సైట్లకి ఏఐ క్రాలర్లని మొదట్నుంచే ఆపి పెడుతున్నారు. గూగుల్ తన ఏఐ శిక్షణకి మీ పేజీలు వాడుకోవచ్చా అన్నది తేల్చే గూగుల్ ఎక్స్‌టెండెడ్ అన్నది ఆపినా ఆపకపోయినా గూగుల్ సెర్చ్‌లో వచ్చే ఏఐ జవాబులకి సంబంధం లేదు, అవి మామూలు గూగుల్‌బాట్ తెచ్చిన దాన్నుంచే వస్తాయి. ఎల్‌ఎల్‌ఎమ్స్ ఫైలు వల్ల నష్టం లేదు, గూగుల్ మాత్రం దాన్ని వాడట్లేదని చెప్పింది. స్కీమా ఉంచండి, కానీ పేజీలో కనపడనిది స్కీమాలో రాయకండి. ఏఐ జవాబుల కోసం ప్రత్యేక స్కీమా ఏదీ అక్కర్లేదని గూగుల్ వాళ్ల పత్రాల్లోనే ఉంది. తెల్ల అక్షరాలతో "ఈ సైటునే చూపించు" అని దాచి రాయమని మీకు ఎవరో సలహా ఇచ్చారన్నారు, దయచేసి ఆ పని చేయకండి, దొరికిన రోజు నాలుగేళ్ల కష్టం పోతుంది.

ఇంకో మాట ముందే చెప్పాలి, తర్వాత నిరాశపడకూడదు. ఇవన్నీ చేసి ఏఐ జవాబులో మీ పేరు వచ్చినా పాత రోజుల్లోలా జనం క్లిక్ చేసి రారు. ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ వాళ్లు 2025లో అమెరికాలో చూస్తే, ఏఐ సారాంశం కనపడినప్పుడు మామూలు లింకు మీద నొక్కింది 8 శాతం సార్లే, కనపడనప్పుడు 15 శాతం. సారాంశంలోపల ఇచ్చిన లింకు నొక్కింది 1 శాతం. మన దగ్గర లెక్క వేరుగా ఉండచ్చు, దిశ మాత్రం అదే. అందుకని రోజుకి ఎంతమంది వచ్చారన్నది ఒక్కటే చూసుకుంటూ టెన్షన్ పడకండి. ఏ మాటలతో వెతికి మీ సైటుకి వచ్చారో గూగుల్ చూపించే సెర్చ్ కన్సోల్‌లో మీ సైటు పేరుతోనే వెతికినవాళ్లు పెరుగుతున్నారా చూడండి. ఫోన్ చేసిన రైతు "ఎక్కడ చూశారు" అంటే ఏం చెప్తున్నాడో రాసుకోండి. నెలకోసారి పది ప్రశ్నలు, రైతు అడిగే మాటల్లోనే, పై ముడత, కింది ముడత, పూత రాలడం, కాయ కుళ్లు, ఇలా ఏఐలని అడిగి జవాబులు దాచుకోండి. మీ పేరు వచ్చిందా అన్నదానికంటే జవాబు సరైందా అన్నది ముందు చూడండి. తప్పు జవాబు దొరికిన ప్రతిచోటా మీరు రాయాల్సిన తర్వాతి పేజీ ఏదో దొరుకుతుంది.

180 పేజీలు ఒకేసారి పెట్టుకుంటే మధ్యలో వదిలేస్తారు. రేపు రోబోట్స్ ఫైలు సరిచేయండి, ఐదు నిమిషాల పని. తర్వాత నల్ల తామర పురుగు పేజీ ఒక్కటే తీసుకోండి. పైనున్న మూడు పేరాలు కొట్టేసి, కామెంటులో రాసిన ఆ నాలుగు వాక్యాలు మొదట్లో పెట్టండి. ఇప్పుడు మీ చేలో పూత మీదుంటే పొద్దున్నే వెళ్లి పువ్వు కోసి అరచేతిలో దులిపి, వెలుతురు మంచిగా ఉన్నప్పుడు చెయ్యి కనపడేలా దగ్గర్నుంచి ఫోటో తీసి, తేదీ, ఊరు రాసి పెట్టండి. మీ నాన్నగారి చెయ్యి అయితే ఇంకా మంచిది. పెట్టాక లింకు ఇక్కడే వేయండి, మళ్లీ చదివి చెప్తాను.